రీడింగ్ హాలు కిటకిట, ఇష్యూ రిజిస్టరు వెలవెల: పిల్లలు చదవడంలో గ్రంథాలయం వాటా ఎంత?

ప్రభుత్వ ఉద్యోగాల నోటిఫికేషన్ పడిన నెలల్లో ఏ జిల్లా కేంద్ర గ్రంథాలయానికి వెళ్లినా పొద్దున ఎనిమిదికల్లా కుర్చీలు నిండిపోతాయి. మెట్ల మీద, చెట్ల కింద, సైకిల్ స్టాండు పక్కన కూడా యువతీయువకులు తలొంచుకుని చదువుతూ కనిపిస్తారు. ఇంటి నుంచి కుర్చీ తెచ్చుకునేవాళ్లూ ఉంటారు. ఆ దృశ్యం చూసిన వాళ్లెవరికైనా యువతరం చదవడం లేదన్న మాట అబద్ధమనే అనిపిస్తుంది. అదే భవనంలో కథలు, చరిత్ర, సైన్సు ఉన్న బీరువా దగ్గర ఏదో ఒక పుస్తకం తీసి, అట్ట లోపల అతికించిన గడువు చీటీ చూస్తే సంగతి వేరు. ఆఖరి తేదీ ముద్ర పడి చాలాసార్లు ఏళ్లు గడిచి ఉంటాయి.

రెండు దృశ్యాలూ నిజమే. ఒకే కప్పు కింద ఈ రెండూ ఎలా ఉంటున్నాయో తెలియాలంటే ముందు ‘చదవడం’ అనే మాటనే విడదీసి చూడాలి.

‘మావాడు బాగా చదువుతాడు’ అంటే ఏమిటి?

తెలుగులో చదువు అంటే విద్య, చదవడం అంటే పఠనం. రెండింటికీ మూలం ఒకటే కావడంతో ‘మావాడు బాగా చదువుతాడు’ అంటే మార్కులు బాగా వస్తాయనే అర్థం. వాడు కథల పుస్తకాలు చదువుతాడని ఎవరూ అనుకోరు. గ్రంథాలయాల మీద జరిగే చర్చలో గందరగోళం చాలావరకు ఇక్కడే మొదలవుతుంది, ఎందుకంటే ఈ ఒక్క మాటలో మూడు పనులు కలిసిపోయి ఉన్నాయి.

మొదటిది అక్షరాలు గుర్తుపట్టి మాటగా పలకడం. రెండోది పరీక్ష కోసం చదవడం, అంటే ఏం చదవాలో వేరొకరు నిర్ణయిస్తే దాన్ని గుర్తుపెట్టుకోవడం. మూడోది ఎవరూ చెప్పకుండా తనకు నచ్చిన పుస్తకాన్ని తానే తీసి చదవడం. దీన్ని స్వేచ్ఛా పఠనం అందాం.

ఈ మూడూ ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఉంటాయి. నాలుగో తరగతి పిల్లకి ‘కాకి కుండ మీద వాలింది’ అన్న వాక్యం ఇస్తే గడగడా చదివేస్తుంది. ‘నక్క ద్రాక్షపళ్లు అందక నిట్టూర్చింది’ అన్నది ఇస్తే ‘ద్రా... క్ష...’ దగ్గర ఒకసారి, ‘నిట్టూర్చింది’ దగ్గర మరోసారి ఆగుతుంది. ఒత్తులు కూడబలుక్కుంటూ వాక్యం చివరికి వచ్చేసరికి మొదట్లో ఉన్న నక్క మరుపున పడుతుంది. మాట పలకడానికే బుర్రంతా ఖర్చయితే అర్థానికి ఏమీ మిగలదు. అర్థం కాని పని ఎవరికైనా విసుగే. విసుగొచ్చిన పిల్ల తక్కువ చదువుతుంది, తక్కువ చదివితే ఒత్తులు ఎప్పటికీ చేతికి రావు. బాగా చదివేవాళ్లు ఇంకా ముందుకు వెళ్లడం, తడబడేవాళ్లు ఇంకా వెనకబడటం అనే ఈ సుడిని కీత్ స్టానోవిచ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1986లో వివరంగా చర్చించాడు.

మన దేశంలో ఈ సుడి చిన్నది కాదు. గ్రామీణ ప్రాంతాల్లో పిల్లల చదువు స్థాయిని పరీక్షించే అసర్ సర్వే ప్రకారం ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 2018లో 50.5 శాతం. బడులు మూతపడిన కరోనా కాలం తర్వాత, 2022లో అది 42.8 శాతానికి పడింది. ఒత్తులు నేర్పేది తరగతి గదే. కానీ నేర్చుకున్న ఒత్తులు అరగాలంటే బోలెడన్ని తేలిక పుస్తకాలు కావాలి. ఒక వాచకం సరిపోదు. గ్రంథాలయం అవసరం పడేది ఇక్కడే.

ఇంటి పన్నులో ఎనిమిది పైసలు

ఊరి గ్రంథాలయానికి డబ్బు ప్రభుత్వం దయతలిచి ఇస్తోందని చాలామంది అనుకుంటారు. నిజానికి 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం కింద ఇంటి పన్నులో ప్రతి రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా వసూలవుతుంది. విభజన తర్వాత తెలంగాణ కూడా ఈ చట్టాన్నే తనకు అన్వయించుకుంది. పన్ను నోటీసులో ‘లైబ్రరీ సెస్సు’ అని కనిపించే గడి ఇదే.

ఒక లెక్క వేసుకుందాం. ఒక పంచాయతీలో 800 ఇళ్లున్నాయి, సగటు ఇంటి పన్ను 500 రూపాయలు. మొత్తం 4 లక్షలు. దాని మీద 8 శాతం అంటే 32,000 రూపాయలు. పంచాయతీ గానీ మున్సిపాలిటీ గానీ ఈ సొమ్మును వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. శాఖా గ్రంథాలయాల అద్దెలు, పత్రికలు, పుస్తకాలు, నిర్వహణ ఆ సంస్థ చూసుకుంటుంది.

చిక్కు ఎక్కడంటే, వసూలు చేసేది ఒకరు, ఖర్చు పెట్టేది మరొకరు. స్థానిక సంస్థకే కరెంటు బిల్లులు, జీతాలు మీద పడి ఉన్నప్పుడు సెస్సు సొమ్ము వాటికింద కరిగిపోయి బకాయిగా మిగులుతుంది. బకాయి పడ్డ ఏడాది మొదట కోత పడేది కొత్త పుస్తకాలకే. అద్దె ఆపలేరు, పత్రికలు ఆపితే రోజూ వచ్చే పెద్దలు ఊరుకోరు. పిల్లల పుస్తకాలు ఆగిపోతే అడగడానికి వచ్చేవాళ్లు ఎవరూ ఉండరు.

పనివేళలూ చూడాలి. చాలా శాఖా గ్రంథాలయాలు పొద్దున 8 నుంచి 11, సాయంత్రం 4 నుంచి 7 వరకు తెరుస్తారు, శుక్రవారం సెలవు. బడి పిల్లలకు పొద్దుటి పూట ఎలాగూ కుదరదు. సాయంత్రం బడి వదిలి ఇంటికొచ్చి ట్యూషన్‌కు వెళ్లేవాళ్లకు మిగిలేది అరగంట. చీకటి పడేలోపు ఇంటికి రావాలనే ఆడపిల్లలకు చలికాలంలో అదీ ఉండదు. ఇక మిగిలింది ఆదివారం ఒక్కటే. దానికి తోడు రిటైరైన చోట కొత్తవాళ్లు రాక, ఒకే గ్రంథపాలకుడు రెండు మూడు ఊళ్లకు ఇన్‌ఛార్జిగా ఉంటే, ఏ రోజు ఏ ఊళ్లో తలుపు తెరిచి ఉంటుందో పిల్లలకు తెలియదు. రెండుసార్లు తాళం చూసి వెనక్కెళ్లిన పిల్లవాడు మూడోసారి రాడు.

పుస్తకాన్ని పాఠకుడి దగ్గరికి తీసుకెళ్లాలన్న ఆలోచన మనకు కొత్తది కాదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టిన నాటి నుంచి అయ్యంకి వెంకటరమణయ్య వంటివాళ్లు ఊరూరా గ్రంథాలయాలు పెట్టించారు. పాతూరి నాగభూషణం 1935లో కృష్ణా డెల్టా కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టి ఒడ్డున ఉన్న ఊళ్లకు అందించారు. పాఠకుడు నడిచి రాలేని వేళల్లో గ్రంథాలయమే కదలాలన్నది ఆ తరం పట్టుదల.

గ్రంథపాలకుడు చేసే అసలు పని

భారతదేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పునాది వేసిన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ఐదు సూత్రాలు ప్రకటించాడు. వాటిలో రెండోది, మూడోది పిల్లల విషయంలో ప్రాణం లాంటివి: ప్రతి పాఠకుడికీ తన పుస్తకం, ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు. అంటే పుస్తకాలు కాపలా కాయడం గ్రంథపాలకుడి పనిలో చిన్న భాగం. ఇద్దరినీ కలపడం పెద్ద భాగం.

అది ఎలా జరుగుతుందో దగ్గరగా చూద్దాం. ఎనిమిదో తరగతి పిల్లవాడు కౌంటరు దగ్గరికి వస్తాడు.

‘‘ఏం కావాలి నాన్నా?’’
‘‘ఏదైనా మంచి పుస్తకం ఇవ్వండి సార్.’’
‘‘పోయినసారి ఏం చదివావు?’’
‘‘ఏం చదవలేదు సార్.’’
‘‘పోనీ, టీవీలో గానీ ఫోన్లో గానీ ఏం చూస్తావు?’’
‘‘పాములు పట్టే వీడియోలు సార్.’’

ఇప్పుడు దారి దొరికింది. పుస్తకాలకు విషయాన్ని బట్టి నంబర్లు ఇచ్చేందుకు చాలా గ్రంథాలయాల్లో వాడే డ్యూయీ వర్గీకరణలో పాములు 597.96 దగ్గర ఉంటాయి, జానపద కథలు 398.2 దగ్గర, తెలుగు సాహిత్యం 894.827 దగ్గర. ‘మంచి పుస్తకం’ అనగానే 894.827 వైపు చెయ్యి చాపితే ఈ పిల్లవాడు మళ్లీ రాడు. అనుభవం ఉన్న గ్రంథపాలకుడు మూడు పుస్తకాలు బల్ల మీద పెడతాడు: బొమ్మలున్న పాముల పుస్తకం ఒకటి, నాగుపాము వచ్చే జానపద కథల సంపుటి ఒకటి, కాస్త కష్టమైన అడవి అనుభవాల పుస్తకం ఒకటి. ఒక్కటే ఇస్తే అది ఆజ్ఞ అవుతుంది, పది చూపిస్తే తల తిరుగుతుంది. మూడింట్లో ఒకటి వాడే తీసుకుంటే ఆ పుస్తకం వాడిదవుతుంది.

స్థాయి సరిపోయిందో లేదో చూడటానికి ఇంగ్లిష్ దేశాల్లో ఐదు వేళ్ల లెక్క ఉంది: ఒక పేజీ చదువుతూ తెలియని మాట వచ్చినప్పుడల్లా ఒక వేలు ముడవాలి, ఐదూ ముడిస్తే పుస్తకం కష్టమన్నమాట. తెలుగుకు దీన్ని ఉన్నదున్నట్టు తీసుకుంటే తప్పుతుంది. ‘వెళ్లిపోవాల్సివచ్చింది’ మనకు ఒకే మాట, ఇంగ్లిష్‌లో మూడు నాలుగు మాటలు. మన పేజీలో మాటలు తక్కువ, ఒక్కో మాట బరువెక్కువ. కాబట్టి తెలుగు పేజీకి మూడు వేళ్లే హద్దుగా పెట్టుకోవడం మేలు.

పుస్తకాలకే స్థాయి గుర్తులుంటే పని ఇంకా తేలిక. ప్రథమ్ బుక్స్ వాళ్ల పిల్లల కథల వెబ్‌సైటు స్టోరీవీవర్‌లో నాలుగు స్థాయిలున్నాయి: మొదటి స్థాయి కథ సుమారు 250 మాటల లోపు, రెండోది 600 దాకా, మూడోది 1,500 దాకా, నాలుగోది ఆ పైన. ఈ గుర్తు పుస్తకం మీద ఉండాలి, పిల్లవాడి మీద పడకూడదు. ‘నువ్వు మొదటి స్థాయి పుస్తకాలే తీసుకోవాలి’ అంటే వెనకబడ్డవాడని పదిమందిలో చెప్పినట్టే. పాములంటే ఇష్టమున్న పిల్లలు తమ స్థాయికి మించిన పుస్తకాన్ని కూడా పట్టుదలగా చదివేస్తారు.

గ్రంథపాలకుడి చేతిలో లేనిది ఒకటుంది. చిన్న పిల్లలకు తెలుగులో బొమ్మల పుస్తకాలు ఇప్పుడు బాగానే వస్తున్నాయి. పెద్దల నవలలకు కొదవే లేదు. 11 నుంచి 16 ఏళ్ల మధ్యవాళ్ల కోసం రాసినవి మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇంగ్లిష్ మీడియంలో చదివే పిల్లల ఇబ్బంది మరోటి: మాట్లాడే తెలుగు చదవడం రాదు, చదవడం వచ్చిన ఇంగ్లిష్ పూర్తిగా అర్థం కాదు. వీళ్లకు ఎడమ పేజీలో తెలుగు, కుడి పేజీలో ఇంగ్లిష్ ఉన్న ద్విభాషా పుస్తకాలు ఊతకర్రలా పనికొస్తాయి.

బడి బీరువాకు తాళం ఎందుకు పడుతుంది?

విద్యాహక్కు చట్టం (2009) షెడ్యూలు ప్రకారం ప్రతి బడిలో గ్రంథాలయం ఉండాలి. అందులో పత్రికలు, అన్ని విషయాల పుస్తకాలు, కథల పుస్తకాలతో సహా ఉండాలి. బడుల కోసం కేంద్రం నడిపే సమగ్ర శిక్ష పథకం కింద ప్రభుత్వ బడులకు స్థాయిని బట్టి ఏటా 5,000 నుంచి 20,000 రూపాయల దాకా గ్రంథాలయ గ్రాంటుకు వీలుంది. చట్టం గ్రంథాలయం అంది గానీ గ్రంథపాలకుడు అనలేదు. కేంద్రీయ విద్యాలయాల్లో, గురుకులాల్లో లైబ్రేరియన్ పోస్టులున్నాయి. మామూలు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఏదో ఒక సబ్జెక్టు టీచరుకు అదనపు బాధ్యతగా బీరువా తాళాలు అప్పగిస్తారు. పైగా బడుల గణాంకాల్లో లైబ్రరీ, బుక్ బ్యాంకు, తరగతిలో రీడింగ్ కార్నరు అన్నీ ఒకే గడిలో లెక్కకొస్తాయి. ‘ఇన్ని బడుల్లో గ్రంథాలయాలున్నాయి’ అన్న అంకె చూసినప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

ఆ టీచరు తాళం తీయకపోవడానికి బద్ధకమే కారణమనుకుంటే పొరపాటు. అసలు కారణాలు రెండు.

మొదటిది సమయం. తరగతిలో 36 మంది. పీరియడు 40 నిమిషాలు. వరసగా వచ్చి కూర్చోవడానికి 5 నిమిషాలు పోతాయి. ఒక్కొక్కరి పుస్తకం వెనక్కి తీసుకుని, కొత్తది రాసివ్వడానికి నిమిషం చొప్పున 36 నిమిషాలు. అక్కడికే 41 అయ్యాయి. ఎవరూ ఒక్క పేజీ చదవలేదు.

ఈ ముడి విప్పిన బడులు పుస్తకాలను బీరువాలోంచి తరగతికి తెచ్చాయి. ఒక సంచిలో 50 పుస్తకాలు, దానికొక నోటుబుక్కు, ఇద్దరు పిల్లలు బాధ్యులు. మార్చుకోవడం భోజనం గంటలో జరుగుతుంది, పీరియడు మొత్తం చదవడానికి మిగులుతుంది. నెలకోసారి ఆరు, ఏడు తరగతుల సంచులు ఒకదానికొకటి మారతాయి, ఎనిమిది, తొమ్మిది తరగతులవి విడిగా మారతాయి. నోటుబుక్కులో నాలుగే గడులు: తేదీ, పుస్తకం నంబరు, పేరు, తిరిగిచ్చిన తేదీ. ఐదో గడిగా ‘కథాసారాంశం’ చేర్చిన చోట ఇష్యూలు పడిపోతాయి, ఎందుకంటే పుస్తకం తీసుకోవడం హోంవర్కుగా మారుతుంది.

రెండో కారణం భయం. స్టాకు రిజిస్టరులో ఉన్న పుస్తకం కనిపించకపోతే జవాబు చెప్పాల్సింది ఇన్‌ఛార్జి టీచరే. తాళం వేసి ఉంచితే ఏదీ పోదు. ఈ విషయంలో కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమాలు (2017) తెలిసి ఉండటం మంచిది. ఏడాదిలో ఇచ్చిన, చూసిన ప్రతి 1,000 సంపుటాలకు 5 పోవడం సహజమేనని, నిర్లక్ష్యం, మోసం లేనంతవరకు తప్పుగా చూడనక్కర్లేదని 215వ నియమం చెబుతుంది. వెయ్యి రూపాయలకు మించిన పుస్తకం గానీ అరుదైనది గానీ పోతే మాత్రం విచారణ తప్పనిసరి. రాష్ట్ర బడులకు ఇది నేరుగా వర్తించదు, కొలబద్దగా మాత్రం పనికొస్తుంది.

పై బడికే లెక్క కడదాం. 36 మంది చొప్పున నాలుగు తరగతులు, వారానికి ఒక పుస్తకం, ఏడాదికి 32 వారాలు. మొత్తం 4,608 ఇష్యూలు. వెయ్యికి ఐదు చొప్పున 23 పుస్తకాలు పోవడం సహజం. పిల్లల పుస్తకం 60 రూపాయలనుకుంటే 1,380 రూపాయలు. 144 మంది పిల్లలు ఏడాది పొడవునా చదివినందుకు అయిన ఖర్చు మనిషికి పది రూపాయల లోపే. ప్రధానోపాధ్యాయుడు ఈ లెక్కను ఏడాది మొదట్లోనే తల్లిదండ్రుల కమిటీ ముందు పెట్టి తీర్మానం రాయించుకున్న చోట బీరువా తెరుచుకుంటుంది.

పోటీ పరీక్షల చదువు గ్రంథాలయాన్ని బతికిస్తోందా, మింగేస్తోందా?

గ్రూప్స్, డీఎస్సీ, కానిస్టేబుల్ పరీక్షలకు చదివేవాళ్లు గ్రంథాలయానికి రావడం మీద రెండు బలమైన అభిప్రాయాలున్నాయి.

వాళ్ల పక్షాన చెప్పేవాళ్ల మాట: ఒకే గదిలో నలుగురు కాపురముండే ఇంట్లో చదువుకోవడానికి చోటెక్కడ? ఫ్యాను, లైటు, నిశ్శబ్దం, తోటి అభ్యర్థులు, ఇవన్నీ ఉచితంగా దొరికే చోటు గ్రంథాలయమే. ప్రైవేటు రీడింగ్ రూముకు నెల నెలా డబ్బు కట్టలేనివాళ్లకు ఇది జీవితమార్గం. వీళ్ల రద్దీ చూపించే ఎన్నో చోట్ల గ్రంథపాలకులు కొత్త భవనాలు, ఎక్కువ పనివేళలు సాధించారు.

రెండో వైపు మాట: వీళ్లు సొంత పుస్తకాలు తెచ్చుకుంటారు, గ్రంథాలయం నుంచి వాడుకునేది కుర్చీ, కరెంటు. కొనుగోలు బడ్జెట్టు కూడా పోటీ పరీక్షల మెటీరియల్ వైపు వాలిపోతుంది. ఆ పుస్తకాలు రెండేళ్లకే పాతబడతాయి. అన్నిటికన్నా పెద్ద నష్టం నిశ్శబ్దం. ఆరేళ్ల పిల్ల బొమ్మ చూసి కిలకిలా నవ్వితే పది తలలు కోపంగా ఇటు తిరుగుతాయి. ఆ పిల్ల తల్లి మళ్లీ తీసుకురాదు.

నా లెక్కలో ఇది పుస్తకాల తగాదా కాదు, చోటు తగాదా. గోడ గానీ వేళ గానీ విడదీస్తే రెండూ బతుకుతాయి. వరండాలో చాప పరిచి ఆదివారం పొద్దున రెండు గంటలు పిల్లలకు వదిలేసినా చాలు. చేయకూడనిది, కుర్చీలు నిండాయి కదా అని యువత పఠనం బాగుందని రాసుకోవడం.

ఫోన్‌లోనే లక్ష పుస్తకాలుంటే గ్రంథాలయం ఎందుకు?

ఈ ప్రశ్న వేసేవాళ్లను తోసిపుచ్చలేం. స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితం. నేషనల్ బుక్ ట్రస్ట్ నడిపే రాష్ట్రీయ ఈ-పుస్తకాలయలో 3–8, 8–11, 11–14, 14–18 ఏళ్లవాళ్లకు విడివిడిగా పుస్తకాలున్నాయి. పుస్తకాల షాపు లేని ఊరికి, అమెరికాలో పుట్టిన తెలుగు పిల్లలకు ఇది పెద్ద వరం.

కాగితం మీద, తెర మీద చదివిన అర్థగ్రహణాన్ని పోల్చిన 54 అధ్యయనాలను కలిపి 2018లో ఒక విశ్లేషణ వచ్చింది. అందులో పాల్గొన్నవాళ్లు లక్షా డెబ్బై వేలకు పైనే. సమాచారం ఇచ్చే పాఠాలు కాగితం మీదే బాగా ఎక్కాయి, గడియారం పెట్టి చదివించినప్పుడు ఆ తేడా పెరిగింది. కథల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. అంటే కథ ఫోన్‌లో చదివినా నష్టం లేదు, సైన్సు పుస్తకం కాగితం మీద ఉంటే మేలు. అయితే ఇల్లంతటికీ ఒకే ఫోను ఉండి, అది నాన్నతో పాటు పనికి వెళ్లే ఇంట్లో ఈ చర్చకే తావు లేదు. ఆ పాముల పిల్లవాడికి లక్ష శీర్షికలు చూపించినా వాటిలో తన మూడు ఏవో చెప్పే మనిషి కావాల్సిందే.

అధ్యయనాలు చెప్పేవి, గడువు చీటీ చెప్పేవి

శిక్షణ పొందిన గ్రంథపాలకుడు ఉన్న బడుల్లో పిల్లల పఠన మార్కులు మెరుగ్గా ఉన్నాయని అమెరికాలోని కొలరాడోలో 1993లో వచ్చిన అధ్యయనం చూపింది. కుటుంబాల ఆర్థిక స్థితిని లెక్కలోకి తీసుకున్నాక కూడా సంబంధం నిలిచింది. ఆ తర్వాత ఇంకా కొన్ని రాష్ట్రాల్లో ఇలాంటివే వచ్చాయి. వీటి మీద న్యాయమైన అభ్యంతరం ఒకటుంది: గ్రంథపాలకుణ్ణి పెట్టుకునే బడి మిగతా విషయాల్లోనూ శ్రద్ధగానే ఉంటుంది, కాబట్టి ఫలితం ఎవరి ఖాతాలో వేయాలి? రెండూ కలిసి పెరగడం వేరు, ఒకటి మరొకదాన్ని పెంచడం వేరు. పైగా కొలరాడో బడిలో ఉన్న జీతమూ గదీ మన ఇన్‌ఛార్జి టీచరుకు లేవు.

మన దగ్గర పనికొచ్చే కొలత ఇంకా సులువైనది. ఏడాది ఇష్యూలను పుస్తకాల సంఖ్యతో భాగిస్తే ఒక్కో పుస్తకం ఎన్నిసార్లు కదిలిందో తెలుస్తుంది. ఒక శాఖా గ్రంథాలయంలో 12,000 పుస్తకాలు, 1,800 ఇష్యూలు అనుకుందాం: 0.15. మనం లెక్కగట్టిన బడిలో నాలుగు సంచుల్లో కలిపి 200 పుస్తకాలు, 4,608 ఇష్యూలు: 23. అంత తిరిగిన పుస్తకం అట్ట ఊడి, రెండో ఏడాదికి కుట్టు వదులుతుంది. బైండింగ్‌కు కాస్త డబ్బు పక్కన పెట్టాలి.

ఈ కొలతకూ ఒక లోపం ఉంది. డిపాజిట్ కట్టలేక సభ్యత్వం తీసుకోని పిల్లలు అక్కడే కూర్చుని చదివి వెళ్లిపోతారు, వాళ్ల పేరు ఏ రిజిస్టరులోనూ ఎక్కదు. అందుకే కొందరు గ్రంథపాలకులు ‘చదివిన పుస్తకాన్ని బీరువాలో పెట్టకండి, బల్ల మీదే వదిలేయండి’ అని రాసిపెడతారు. మూసే ముందు బల్ల మీదున్నవన్నీ లెక్కపెట్టి, నంబర్లు రాసుకుని, అప్పుడు సర్దుతారు. ఆ కుప్పలో పాముల పుస్తకం వారానికి మూడుసార్లు కనిపిస్తే, కొత్త పుస్తకాల కోసం పంపే వచ్చే ఇండెంటులో 597 కింద ఇంకో నాలుగు పుస్తకాలు చేరతాయి.